ప్రార్థన గంట: మాటలు ఎండిపోయిన ఒక సోదరితో పద్దెనిమిది వారాలు

ఈ కేసును ఆ సోదరి అనుమతితో రాస్తున్నాను. ఆమె పేరు, వీధి, సంఘం ఇక్కడ చెప్పడం లేదు. ఎవరైనా గుర్తుపట్టడానికి వీలున్న కొన్ని వివరాలు మార్చాను. మేము వాడిన ప్రార్థనలు, నేను చేసిన పొరపాటు, ఆమె అన్న మాటలు మాత్రం మార్చలేదు. చిత్తూరు, తిరుపతి ప్రాంతాల్లో ఇంటింటికీ వెళ్లి పరామర్శించే పాస్టర్లకూ, పాస్టరమ్మలకూ, బైబిలు స్త్రీలకూ ఇది పనికివస్తుందని ఆశ. "ప్రార్థన రావడం లేదు" అంటూ మన దగ్గరికి వచ్చినవారికి మనం మామూలుగా ఇచ్చే జవాబు "ఇంకా ఎక్కువగా ప్రార్థించండి" అన్నదే. కాలు విరిగినవారిని పరుగెత్తమన్నట్టుండే ఆ జవాబు మనిషిని ఎంత కుంగదీస్తుందో ఈ కేసులో దగ్గరగా చూశాను.

నా గురించి కూడా ఒక మాట ముందే చెప్పాలి. నేను గుడిలో అందరం కలిసి చదివే ప్రార్థనలున్న ఆరాధన క్రమం పుస్తకం చేతబట్టుకుని పెరిగిన సి.ఎస్.ఐ. (దక్షిణ ఇండియా సంఘం) బిడ్డను. రాసిన ప్రార్థనల పట్ల నాకు చిన్ననాటి నుంచి ఉన్న ప్రేమ ఈ కేసులో మొదట నాకు అడ్డం వచ్చింది, తర్వాతే ఉపయోగపడింది.

ఆమె వచ్చిన కారణం

ఆమెకు 49 ఏళ్లు. చిత్తూరు పట్టణంలో ఇంట్లోనే మిషన్ పెట్టుకుని జాకెట్లు, చుడీదార్లు కుడుతుంది. భర్త లారీ డ్రైవరు. మామిడికాయల కాలం వచ్చిందంటే వారాల తరబడి ఇంటికి రాడు. కొడుకు బెంగళూరులో ఉద్యోగం చేసుకుంటున్నాడు. ఇంట్లో ఉండేది ఆమె, 81 ఏళ్ల అత్తగారు. అత్తగారికి నాలుగేళ్లుగా డిమెన్షియా, అంటే మతిమరుపు జబ్బు. పగలు మిషన్ పక్కనే కూర్చుని గుడ్డముక్కలు మడతపెడుతూ ఉంటుంది. రాత్రి మాత్రం రెండుసార్లో మూడుసార్లో లేచి తలుపు గడియ తీయబోతుంది.

ఆమె ఒక స్వతంత్ర సంఘానికి వెళుతుంది. బుధవారం స్త్రీల కూడికలో పన్నెండేళ్లుగా విజ్ఞాపన ప్రార్థన, అంటే ఇతరుల కోసం చేసే ప్రార్థన, నడిపించేది ఆమే. ప్రార్థనకు నిలబడితే అరగంటయినా తడుముకోకుండా ప్రార్థించగలదని సంఘమంతా చెప్పుకునేవారట. అలాంటి మనిషి మొదటిరోజు నా ఎదుట కూర్చుని, చీర కొంగు వేలికి చుట్టుకుంటూ అన్న మాట ఇది: "అక్కా, బాబిన్‌లో దారం అయిపోయినా సూది పైకీ కిందికీ ఆడతానే ఉంటుంది చూడండి, కుట్టు మాత్రం పడదు. అట్లుండాది నా ప్రార్థన. జానెడు దూరం పోయినాక గానీ తెలీలా, కుట్టు పడలేదని."

ఏడు నెలలుగా ఆమె ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు. బుధవారం కూడికల్లో పాత అలవాటు కొద్దీ మాటలు దొర్లిపోతుంటే, లోపల మాత్రం తాను వేషధారినన్న భయం పెరుగుతూ వచ్చింది. చివరికి సంఘంలో పెద్దవారొకరికి చెప్పుకుంటే, దాచిన పాపం ఏదో ఉంటేనే ఆకాశం ఇత్తడి అవుతుందని, అంటే ప్రార్థన పైకి చేరదని, ఉపవాసముండి వెదుక్కోమని సలహా ఇచ్చారు. మూడు రోజులు ఉపవాసముంది. మూడో రోజు మిషన్ దగ్గరే కళ్లు తిరిగి పడింది. ఆ సలహా ఇచ్చినవారికి దురుద్దేశం లేదని నేను నమ్ముతాను. కానీ రాత్రి నిద్ర లేని మనిషికి పగలు తిండి కూడా లేకుండా చేయడం ఆత్మీయ సహాయం కాదని స్పష్టంగా చెప్పవలసిన బాధ్యత నాకుంది.

ముందు దేహం సంగతి

ప్రార్థన గురించి మాట్లాడే ముందు నిద్ర, ఆకలి, బతుకు మీద ఆశ, ఈ మూడింటి గురించీ అడిగాను. చనిపోవాలనిపిస్తోందా అని సూటిగానే అడిగాను. అలా అడిగితే లేని ఆలోచన పుట్టించినట్టవుతుందని మనలో కొందరు భయపడతారు గానీ, అది నిజం కాదు. అలాంటి ఆలోచన లేదంది. దిగులును కొలవడానికి డాక్టర్లు వాడే తొమ్మిది ప్రశ్నల పట్టిక, పీహెచ్‌క్యూ-9, పూర్తి చేయిస్తే 27కు 12 వచ్చింది. 10 నుంచి 14 వరకు మధ్యస్థమైన దిగులు కింద లెక్క. మొదటి వారమే ఆమెను డాక్టరు దగ్గరికి పంపాను. రక్తం బాగా తక్కువగా ఉందని తేలి, మాత్రలు మొదలయ్యాయి. అత్తగారి రాత్రి తిరుగుడు గురించి కూడా డాక్టరుతో విడిగా మాట్లాడించాను. రాత్రిపూట ఎప్పుడైనా మనసు అదుపు తప్పినట్టనిపిస్తే ఫోన్ చేయడానికి ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ కేంద్రం టెలీ మానస్ నంబరు 14416 ఆమె చేతే గోడ క్యాలెండరు మీద రాయించాను. ఈ పని చేయకుండా కేవలం ప్రార్థన పుస్తకం చేతిలో పెట్టి ఉంటే, రక్తహీనతకు కీర్తనలు వైద్యంగా ఇచ్చినట్టయ్యేది.

నా పొరపాటు

రెండోసారి వచ్చినప్పుడు ఆమెకు ఆరాధన క్రమంలోని సామాన్య పాపపు ఒప్పుకోలును, ఉదయకాల ప్రార్థనను నాలుగు పేజీలు జెరాక్సు తీసి ఇచ్చాను. చేయవలసినవి చేయకపోవడం, చేయకూడనివి చేయడం గురించిన ఆ ఒప్పుకోలు నాకు చిన్నప్పటి నుంచీ ఎంతో ఊరటనిచ్చింది గనుక, ఆమెకూ ఇస్తుందనుకున్నాను. ఆ తర్వాత ఆమె రాలేదు.

ఎక్కడ తప్పు జరిగిందో తర్వాత ఆలోచిస్తే రెండు సంగతులు కనిపించాయి. ఒకటి, అప్పటికే "నీలో పాపముంది" అన్న మాట విని కుంగిపోయి ఉన్న మనిషికి నేను ఇచ్చిన మొదటి కాగితం కూడా అదే మాట చెప్పింది. రెండోది ఇంకా పెద్దది. గుడిలో ఒప్పుకోలు చెప్పాక అందరం తలవంచి ఉండగా అయ్యగారు క్షమాపణ వాక్యం ప్రకటిస్తారు. ఆ వాక్యం వినడానికే ఒప్పుకోలు చెబుతాం. నేను ఇచ్చిన జెరాక్సులో ఒప్పుకోలు ఉంది, క్షమాపణ వాక్యం తర్వాతి పేజీలో పడి తెగిపోయింది. ఇంట్లో ఒంటరిగా, రాత్రి వేళ, క్షమాపణ లేని ఒప్పుకోలును ఆమె పదేపదే చదువుకుంది. రాసిన ప్రార్థనను ఎవరికైనా ఇచ్చేటప్పుడు దాని ముందూ వెనుకా ఏముందో చూసి ఇవ్వాలన్న జాగ్రత్త నాకు ఆ రోజు లేదు. దానికి ఆమెను క్షమాపణ అడిగాను.

ఇంటికి వెళ్లిన సాయంత్రం

నాలుగో వారం నేనే వాళ్లింటికి వెళ్లాను. దీపాలు పెట్టే వేళ. ఆమె టీ పెట్టడానికి లోపలికి వెళ్లింది. గోడవార మంచం మీద కూర్చున్న అత్తగారు నన్ను తేరిపార చూసి, "వార్డెనమ్మా, ప్రార్థన గంట కొట్టినారా?" అని అడిగింది.

లోపలి నుంచి కోడలు విసుగు, అలసట కలిసిన గొంతుతో, "అదేమీ లేదత్తా, ఊరికే కూర్చో" అంది. తర్వాత నాతో, "ఇదే అక్కా గోల. రాత్రి రెండింటికి లేచి గంట కొట్టినారా, గంట కొట్టినారా అని ఒకటే పాట. గడియ తీసి పోతానంటుంది" అని చెప్పింది.

అత్తగారు మదనపల్లెలో మిషన్ హాస్టల్లో ఉండి చదువుకున్న మనిషి అని అప్పుడే తెలిసింది. ఇక్కడ కొంచెం చరిత్ర చెప్పాలి. 1853లో స్కడర్ కుటుంబం మొదలుపెట్టిన అమెరికన్ ఆర్కాటు మిషన్ చిత్తూరు, మదనపల్లె ప్రాంతాల్లో బడులు, హాస్టళ్లు, ఆసుపత్రులు నడిపింది. ఆ మిషన్ సంఘాలు 1947 సెప్టెంబరు 27న ఏర్పడిన దక్షిణ ఇండియా సంఘంలో, అంటే సి.ఎస్.ఐ.లో, భాగమయ్యాయి. అలాంటి హాస్టళ్లలో పిల్లల రోజు గంటతో మొదలై గంటతో ముగిసేది. గంట కొట్టగానే వరుసగా నిలబడి కంఠస్థమైన కీర్తన, ప్రభువు ప్రార్థన చెప్పడం, ఆ తర్వాతే అన్నం. ఏడు పదుల ఏళ్ల కింద చెవిలో పడిన గంటను ఆ తల్లి ఇప్పుడు వెదుక్కుంటోంది.

"కొట్టినారమ్మా" అన్నాను. ఆమె వెంటనే రెండు పాదాలు దగ్గరగా చేర్చుకుంది, చేతులు జోడించింది, వీపు నిటారుగా పెట్టింది. నేను "పరలోకమందున్న మా తండ్రీ" అని మొదలుపెట్టగానే అందుకుని, నా గొంతును దాటి, ఒక్క అక్షరం తప్పకుండా చివరిదాకా చెప్పింది. కొడుకు పేరు మరిచిపోయిన మనిషి, తాను అన్నం తిన్నదో లేదో గుర్తులేని మనిషి. ఆమేన్ అన్నాక కళ్లు తెరిచి, "ఇంక అన్నం పెడతారా?" అని అడిగింది.

కోడలు గుమ్మం దగ్గర టీ గ్లాసులు పట్టుకుని నిలబడిపోయింది. గ్లాసుల్లో టీ మీద మీగడ కట్టింది గానీ ఆమె కదల్లేదు. చాలాసేపటికి, "నాలుగేళ్లుగా ఈమె అడిగిందానికి నేను లేదు, లేదు అనే చెప్పినానక్కా" అంది.

"చదివిన ప్రార్థన చచ్చిన ప్రార్థన"

ఆ మాట ఆమె చిన్నప్పటి నుంచి వింటూ వచ్చినది. దాన్ని తేలిగ్గా కొట్టిపారేయకూడదు. మనసు పెట్టకుండా పెదవులతో పుస్తకం అప్పజెప్పడాన్ని చూసి విసిగినవారి బాధలోంచి పుట్టిన మాట అది. అందుకని రెండు వారాలు దీని మీదే మాట్లాడుకున్నాం.

ఆమె మత్తయి 6:7 తెరిచి, వ్యర్థమైన మాటలు వచింపవద్దని ప్రభువే చెప్పాడు కదా అంది. అదే అధ్యాయంలో రెండు వచనాలు దాటి చదవమన్నాను. వ్యర్థమైన మాటలు వద్దన్న ప్రభువే ఆ వెంటనే తొమ్మిదో వచనంలో ఏ మాటలు చెప్పాలో నోటికి అందించాడు. సిలువకు ముందు రాత్రి గెత్సేమనే తోటలో ఆయన "ఆ మాటలే చెప్పుచు మూడవ మారు ప్రార్థన" చేశాడని మత్తయి 26:44లో ఉంది. చెప్పిన మాట మళ్లీ చెప్పడమే వ్యర్థమైతే ఆ రాత్రి ప్రార్థనను ఏమనాలి? సిలువ మీద ఊపిరి అందని వేళ ఆయన కొత్త మాటలు వెదుక్కోలేదు. "నా దేవా నా దేవా, నీవు నన్నేల విడనాడితివి" 22వ కీర్తనలోని మొదటి మాట; తన ఆత్మను తండ్రి చేతికి అప్పగించిన మాట 31వ కీర్తనలోనిది. అంటే చిన్నప్పుడు నేర్చుకున్న, ఎవరో రాసిపెట్టిన ప్రార్థనలు. 1535లో జర్మనీ సంఘ సంస్కర్త మార్టిన్ లూథర్ తనకు క్షౌరం చేసే పీటర్ అడిగితే ప్రార్థన గురించి ఒక చిన్న పుస్తకమే రాసిచ్చాడు; తన హృదయం చల్లబడి ప్రార్థన మీద ఆసక్తి పోయినప్పుడు కీర్తనల గ్రంథం పట్టుకుని గదిలోకి వెళ్లి, పది ఆజ్ఞలను, విశ్వాస ప్రమాణాన్ని, కొన్ని వాక్యాలను చిన్నపిల్లల్లా గట్టిగా అప్పజెప్పుకుంటానని అందులో చెప్పుకున్నాడు.

ఇవన్నీ ఆమె ఒప్పుకుంది గానీ, ఆమె మనసును కదిలించినవి ఇవి కావు. ఒకరోజు తనే అంది: "అక్కా, మేము పాడే పాటలు కూడా ఎవురో రాసినవే కదా. పుస్తకం చూసి పాడతానే ఏడుస్తాం. పాటను చచ్చిన పాట అని ఎవురూ అనరే." పురుషోత్తమ చౌదరి వంటి 19వ శతాబ్దపు కవులు రాసిన కీర్తనలను ఇప్పటికీ పెళ్లిళ్లలో, సమాధుల దగ్గర పాడుకునే తెలుగు క్రైస్తవులం మనం. రాగం ఉంటే ఇతరుల మాటలు మనవవుతాయని ఒప్పుకునేవాళ్లం, రాగం లేనప్పుడు ఎందుకు కావనుకుంటాం? ఆమె ఇంకొక సంగతి కూడా గమనించింది. తాను పన్నెండేళ్లుగా అప్పటికప్పుడు చేస్తున్నాననుకున్న ప్రార్థనలో కూడా "కృపగల తండ్రీ, నమ్మదగిన దేవా, ఈ సమయానికై వందనాలు" అనే వరుస ప్రతి బుధవారం అదేనని. దాన్ని తప్పుగా కాక, తనకు తెలియకుండానే తనకొక ప్రార్థన పుస్తకం ఉందన్నట్టుగా చెప్పింది. ఆ చూపు నాకు చాలా నచ్చింది.

మూడు అట్టముక్కలు

జాకెట్ ముక్కలు చుట్టిచ్చే అట్టలను కత్తిరించి ఆమె తనే మూడు కార్డులు చేసుకుంది. ఏ ప్రార్థన ఎంచుకోవాలన్న దానికి ఈసారి నేను మూడు నియమాలు పెట్టుకున్నాను. ఒకటి రెండు ఊపిర్లలో చెప్పగలిగేంత పొట్టిగా ఉండాలి. ఆమె ఆ రోజు నిజంగా అనలేని మాట అందులో ఉండకూడదు. సంతోషం లేనివారి చేత సంతోషిస్తున్నానని చెప్పించకూడదు. మూడోది, అది రోజులో ఇప్పటికే జరుగుతున్న పనికి ముడిపడి ఉండాలి, కొత్తగా సమయం అడగకూడదు.

పొద్దున పొయ్యి వెలిగించేటప్పుడు పాపినైన నన్ను కరుణించుమన్న లూకా 18లోని సుంకరి మాటను వాడదామా అనుకుని, మొదటి పొరపాటు గుర్తొచ్చి మానుకున్నాను. దాని బదులు ప్రభువు ప్రార్థనలోని ఒక్క వాక్యం: "మా అనుదినాహారము నేడు మాకు దయచేయుము." ఇక్కడ ప్రభువు నేర్పిన మాటలే మనకొక మేలు చేశాయి. ఆ ప్రార్థనలో ఎక్కడా "నా" లేదు, అంతా "మా". ఒంటరిగా ఉన్న మనిషి "మా" అన్నదంటే, పక్కన ఇంకెవరో ఉన్నట్టే లెక్క. ఈ సంగతి చెప్పినప్పుడు ఆమె, "అయితే వంటింట్లో నేనొక్కదాన్నే కాదన్నమాట" అని మెల్లగా అంది. ఆ తర్వాత ఆమె ఆ వాక్యాన్ని అత్తగారి చేత కూడా చెప్పించడం మొదలుపెట్టింది.

మధ్యాహ్నానికి 13వ కీర్తన. "యెహోవా, ఎన్నాళ్లవరకు నన్ను మరచిపోవుదువు? నిత్యము మరచెదవా?" ఆరు వచనాల ఆ కీర్తనలో మొదటి రెండే చాలన్నాను. అత్తగారి మతిమరుపుతో రోజూ యుద్ధం చేసే ఇంట్లో "మరచిపోవుదువు" అన్న మాట ఎంత సూటిగా తగులుతుందో నేను ముందు ఊహించలేదు. ఇంత గట్టిగా దేవుణ్ణి నిలదీయవచ్చా అని ఆమె అడిగితే 88వ కీర్తన చూపించాను. తక్కిన విలాప కీర్తనలు చాలావరకు చివరికొచ్చేసరికి స్తుతి వైపు తిరుగుతాయి, ఇది తిరగదు. "చీకటియే నాకు బంధువర్గమాయెను" అన్న మాటతో ఆగిపోతుంది. ఆమె ఆ వాక్యం మీద వేలు పెట్టి, "ఇది బైబిల్లో ఉండాదా అక్కా? ఇన్నేండ్లు చదివినా కంటికి కనపడలేదే" అంది. ఏడ్చింది. ఏడు నెలల తర్వాత దేవుని సన్నిధిలో తనకు వచ్చిన మొదటి కన్నీళ్లవి అని తర్వాతి వారం చెప్పింది. ఆ రోజు నేనేమీ ప్రార్థించలేదు. ఆ కీర్తనే మళ్లీ ఒకసారి గట్టిగా చదివి ఊరుకున్నాను.

రాత్రికి 121వ కీర్తన. ఇది యాత్ర కీర్తన. 120 నుంచి 134 వరకు ఉన్న పదిహేనింటిలో ఒకటి, యెరూషలేముకు కొండెక్కి వెళ్లేవారి నోట ఉన్న పాట. కాలినడకన కొండకు వెళ్లే యాత్రికులను ఏటా రోడ్ల మీద చూసే మన జిల్లావాళ్లకు, నడిచే మనిషికి కాలు జారుతుందన్న భయం ఎలాంటిదో వేరే చెప్పనక్కర్లేదు. "ఆయన నీ పాదము తొట్రిల్లనియ్యడు, నిన్ను కాపాడువాడు కునుకడు. ఇశ్రాయేలును కాపాడువాడు కునుకడు నిద్రపోడు." రాత్రి రెండింటికి చీకట్లో తడబడుతూ తలుపు వైపు నడిచే ముసలితల్లి పాదాలకూ, కునుకు లేని కోడలికీ ఒకే వాక్యంలో చోటుంది. ఏం చేయాలో ఇలా అనుకున్నాం: అత్తగారు లేచి గంట కొట్టినారా అని అడిగితే, కొట్టినారని చెప్పి, మంచం అంచున కూర్చోబెట్టి, ఈ రెండు వచనాలూ ప్రభువు ప్రార్థనా ఇద్దరూ కలిసి చెప్పడం, తర్వాత అరగ్లాసు పాలిచ్చి పడుకోబెట్టడం.

మొదటి వారం ఏడు రాత్రుల్లో నాలుగు రాత్రులు అత్తగారు ఆమేన్ అన్న వెంటనే పడుకుంది. మిగిలిన మూడు రాత్రులు పడుకోలేదు. ఇది మందు కాదని, డాక్టరు చెప్పిన జాగ్రత్తలు ఆపకూడదని మళ్లీ చెప్పాను.

అడ్డంకులు

తొమ్మిదో వారానికి కార్డులు మరో బరువయ్యాయి. ఆమె మనిషే అంత. ఏ పని చేపట్టినా లెక్క కట్టుకుంటుంది. ఎన్ని పూటలు తప్పిపోయాయో నోటుపుస్తకంలో గీతలు పెట్టి తెచ్చి నాకు చూపించింది, బడిపిల్ల హోమ్‌వర్కు చూపినట్టు. ఆ పుస్తకం మూసి పక్కన పెట్టించి, రెండు కార్డులు కొన్నాళ్లు ఆపేసి రాత్రిది ఒక్కటే ఉంచుకోమన్నాను. రోమా 8:26 ఆమెకు ముందే కంఠతా వచ్చు. "ఉచ్చరింప శక్యముకాని మూలుగులతో" ఆత్మయే మన పక్షముగా విజ్ఞాపన చేస్తున్నాడన్న ఆ వచనాన్ని ఇన్నాళ్లూ ఇతరులకే చెప్పిందట. తప్పిపోయిన పూటలను ఆ మూలుగుల లెక్కలో వేసుకోమన్నాను.

బుధవారం కూడిక నడిపించడం రెండు నెలలు ఆపింది. పాస్టరుగారి భార్యకు సంగతి పూర్తిగా చెప్పడానికి నేనూ తోడు వెళ్లాను. ఆమె విని, చేయి పట్టుకుని, "నువ్వు కూర్చో, మేము చేస్తాం" అంది. సంఘం వైపు నుంచి ఆ ఒక్క మాట ఎంత పని చేసిందో నేను లెక్క కట్టలేను.

గట్టిగా పట్టుకున్న చెయ్యి

పదమూడో వారం ఆమె ఒక సంగతి చెప్పింది. చాలా నెలల కింద ఒక రాత్రి మూడోసారి లేచిన అత్తగారి చేతిని విసురుగా లాగి, గిల్లింది. పొద్దున చూస్తే మోచేతి పైన నల్లగా కమిలింది. ఎవరు చేశారో అత్తగారికి గుర్తులేదు. "ఎక్కడో తగిలినట్టుండాది" అని కోడలికే చూపించిందట. ఆ ఉదయం నుంచే తనకు ప్రార్థన ఆగిపోయిందేమో అంది. నాకు మాత్రం కారణం అంత సూటిగా ఉండదనిపించింది. అలసట, రక్తహీనత, నిద్రలేమి, అవమానం అన్నీ కలిసి ముడిపడ్డాయి. అయినా ఆ ముడిలో ఇదొక పోగు అన్నది నిజం. "ఇదీ ఒక రకంగా హింసేనమ్మా, మళ్లీ చెయ్యి లేచేలా ఉంటే పక్కింటివాళ్లను పిలువు, నాకు ఫోన్ చెయ్యి" అని ముందు ఆచరణ సంగతి మాట్లాడాను. వారంలో రెండు రాత్రులు భర్త చెల్లెలు వచ్చి పడుకునే ఏర్పాటు ఆ వారమే జరిగింది.

అప్పుడు ఆమే, "అక్కా, మొదట్లో మీరిచ్చిన ఆ ఒప్పుకోలు ఇంకొకసారి ఇస్తారా?" అని అడిగింది. ఈసారి కాగితం ఇవ్వలేదు. ఇద్దరం కలిసి చెప్పాం. చెప్పాక ఆమె పేరు పెట్టి పిలిచి 1 యోహాను 1:9 చదివాను: "ఆయన మన పాపములను క్షమించి సమస్త దుర్నీతినుండి మనలను పవిత్రులనుగా చేయును." మొదట కీడు చేసిన ప్రార్థనే ఇప్పుడు ఊరటనివ్వడానికి కారణం, ఆమె ఒప్పుకోవలసింది ఏమిటో ఆమెకే తెలియడం. అంతకుముందు అది ఎవరో ఆమె మీద మోపిన, పేరు లేని నేరం.

ఆ తర్వాతి వారం ఆమెకు ఆరాధన క్రమాల్లోని చిన్న ప్రార్థనల అల్లిక చూపించాను. శతాబ్దాల నుంచి వస్తున్న ఈ పొట్టి ప్రార్థనలు చాలావరకు ఒకే కొలతతో ఉంటాయి: ముందు దేవుణ్ణి పిలవడం, ఆయన ఎలాంటివాడో ఒక మాట, తర్వాత ఒక్క మనవి, అది ఎందుకో, చివర యేసుక్రీస్తు నామం. ఒకే మనవి ఉండాలన్నది ముఖ్యం. కొలతలంటే ఆమెకు ఇష్టం. "జాకెట్‌కు ఐదు ముక్కలు కత్తిరించినట్టు" అని ఇంటికి వెళ్లి, ఆది, గుంట, చేతులు రాసుకునే కొలతల పుస్తకం వెనకపేజీలో తనదొకటి రాసుకొచ్చింది. ఆమె అనుమతితోనే ఇక్కడ ఇస్తున్నాను:

"కునుకని దేవా, నిద్రపట్టని ముసలివాళ్లను నువ్వు మరిచిపోవు. మా అత్త చెయ్యి పట్టుకునేటప్పుడు నా చెయ్యి మెత్తగా ఉండేలా చెయ్యి, ఆమెకు భయం కలగకుండా, నాకు పొద్దున సిగ్గు కలగకుండా. మా ప్రభువైన యేసుక్రీస్తు నామంలో, ఆమేన్."

ఎన్నో ప్రార్థన పుస్తకాలు చదివాను. ఇంత నిజమైన ప్రార్థనలు ఎక్కువ చూడలేదు.

పద్దెనిమిదో వారం నాటికి

పీహెచ్‌క్యూ-9లో 6 వచ్చింది. ఇందులో ఎంత మాత్రల వల్లో, ఎంత ఆడపడుచు పడుకునే రెండు రాత్రుల వల్లో, ఎంత ప్రార్థన వల్లో విడదీసి చెప్పడం సాధ్యం కాదు, చెప్పాలనుకోవడమూ సరికాదు. పాత అనర్గళమైన ప్రార్థన తిరిగి రాలేదు. బుధవారం కూడికలో ఆమె ఇప్పుడు ఒక కీర్తన చదివి, నిశ్శబ్దంగా కాసేపుండి, కూర్చుంటుంది. కొందరికి అది నచ్చింది, కొందరు ఆమెలో అభిషేకం తగ్గిందంటున్నారు. ఆ మాట ఆమెకు నొప్పిగానే ఉంది. అప్పుడప్పుడు మిషన్ మీద ఉండగా, కార్డులో లేని ఒకటి రెండు వాక్యాలు తనంతట తానే వస్తున్నాయని చెప్పింది. అవి ఏమిటో నేను అడగలేదు.

అత్తగారి జబ్బు ముదిరింది. కీర్తనలోని మాటలు ఒక్కొక్కటే రాలిపోతున్నాయి. చివరిసారి నేను వెళ్లినప్పుడు ఆ తల్లి గంట గురించి అడగలేదు. కిటికీ వైపు చూస్తూ కూర్చుంది. కోడలు మిషన్ ఆపి, చేతికంటిన దారపు పోగులు దులుపుకుని, మంచం దగ్గరికి వెళ్లి ఆమె పాదాలు రెండూ దగ్గరగా చేర్చింది. "అత్తా, గంట కొట్టినారు" అని, తనే మొదలుపెట్టింది. ముసలామె పెదవులు కదల్లేదు. చివరి మాట దగ్గరికి వచ్చేసరికి మాత్రం, కోడలు అనేలోపే, "ఆమేన్" అంది.